పేరు చెరిపితే కోడ్ ఎవరిది? ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల మధ్య పునర్వినియోగ, కర్తృత్వ వివాదాలు

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మూల కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, తమ ప్రాజెక్టులో వాడుకోవచ్చు. ఆ అనుమతి వెంట కొన్ని షరతులు కూడా వస్తాయి. మూల రచయిత పేరును, కాపీరైట్ ప్రకటనను, లైసెన్స్ పాఠాన్ని చెరపకుండా ఉంచాలన్నది వాటిలో అతి ప్రాథమికమైనది. చూడటానికి చిన్నదిగా కనిపించే ఈ షరతు చుట్టూ గత రెండు దశాబ్దాల్లో పెద్ద వివాదాలే చెలరేగాయి. కొన్ని బహిరంగ లేఖలతో ముగిశాయి. కొన్ని న్యాయస్థానాల దాకా వెళ్లాయి. కొన్నింటి ఫలితంగా ప్రాజెక్టులే చీలిపోయాయి.

బయటి కంపెనీ ఓపెన్ సోర్స్ కోడ్‌ను దొంగచాటుగా వాడుకోవడం ఒక రకం తగాదా. రెండు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులే ఒకదాని కోడ్‌ను మరొకటి తీసుకుని, షరతుల విషయంలో విభేదించుకోవడం మరో రకం. రెండో రకంలో ఇరుపక్షాలూ కోడ్‌ను స్వేచ్ఛగా పంచుకోవాలనే కోరుకుంటాయి. ఆ స్వేచ్ఛకు ఎవరు ఏ అర్థం చెబుతారన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

రెండు తరహాల అనుమతి

ఆంగ్లంలో 'ఫ్రీ' అన్న ఒకే మాట ఉచితానికీ, స్వేచ్ఛకూ వర్తించడం వల్ల ఈ రంగంలో చాలా గందరగోళం ఏర్పడింది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లు ప్రధానంగా మాట్లాడేది రెండోదాని గురించే. వీటిని స్థూలంగా రెండు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటిది ఉదార లైసెన్స్‌ల వర్గం. బీఎస్‌డీ, ఎంఐటీ, ఐఎస్‌సీ, అపాచీ లైసెన్స్‌లు ఈ కోవలోకి వస్తాయి. కోడ్‌ను ఏమైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మార్పులను రహస్యంగా కూడా ఉంచుకోవచ్చు. కాపీరైట్ ప్రకటననూ, అనుమతి పాఠాన్నీ మాత్రం ప్రతులన్నింటిలో నిలిపి ఉంచాలి. అపాచీ లైసెన్స్ ప్రకారం 'నోటీస్' అనే ఫైలు ఉంటే అందులోని కర్తృత్వ వివరాలను కూడా ముందుకు తీసుకెళ్లాలి.

రెండోది కాపీలెఫ్ట్ వర్గం. జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్స్, అంటే జీపీఎల్, దీనికి ప్రధాన ఉదాహరణ. ఈ కోడ్‌తో రూపొందించిన ఉత్పన్న కృతిని పంపిణీ చేసేవారు దానిని కూడా అదే లైసెన్స్ కింద, మూల కోడ్‌తో సహా అందించాలి. తీసుకున్న స్వేచ్ఛను తరువాతివారికి కూడా ఇవ్వాలన్నది దీని సూత్రం.

ఈ రెండు వర్గాల మధ్య రాకపోకలు సమానంగా ఉండవు. ఉదార లైసెన్స్ కింద ఉన్న కోడ్ జీపీఎల్ ప్రాజెక్టులోకి సాధారణంగా వెళ్లగలదు. జీపీఎల్ కోడ్ మాత్రం ఉదార లైసెన్స్ ప్రాజెక్టులోకి అదే షరతులతో రాలేదు. అధిక శాతం వివాదాలకు ఈ అసమానతే మూలం.

2007: ఒకే ఏడాది, ఎదురెదురు ఫిర్యాదులు

ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి 2007 సంవత్సరం ఒక చక్కని పాఠం. ఆ ఏడాది లినక్స్, ఓపెన్‌బీఎస్‌డీ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల డెవలపర్లు వైర్‌లెస్ డ్రైవర్ల విషయంలో రెండుసార్లు తలపడ్డారు. మొదటిసారి ఫిర్యాదుదారు లినక్స్ పక్షం, రెండోసారి ఓపెన్‌బీఎస్‌డీ పక్షం.

అప్పట్లో వై-ఫై చిప్‌ల తయారీదారులు తమ సాంకేతిక వివరాలను వెల్లడించేవారు కారు. డెవలపర్లు పరికరం పనితీరును బయటి నుంచి పరిశీలించి, నెలల తరబడి శ్రమించి డ్రైవర్లు రాయవలసి వచ్చేది. బ్రాడ్‌కామ్ చిప్‌ల కోసం లినక్స్ వర్గం ఒక కట్టుదిట్టమైన పద్ధతిని అనుసరించింది. ఒక బృందం తయారీదారు డ్రైవర్‌ను విశ్లేషించి వివరణ పత్రం రాసింది. దానిని మాత్రమే చదివి వేరొక బృందం కొత్త డ్రైవర్ రాసింది. చట్టపరమైన ఆరోపణలకు తావివ్వకూడదన్నదే ఈ విభజన ఉద్దేశం.

2007 ఏప్రిల్‌లో ఆ జీపీఎల్ డ్రైవర్‌లోని కోడ్ ఓపెన్‌బీఎస్‌డీ అభివృద్ధి భాండాగారంలో బీఎస్‌డీ తరహా లైసెన్స్ కింద కనిపించింది. అది ఇంకా పూర్తికాని, విడుదల కాని డ్రైవర్. అయితే భాండాగారం బహిరంగంగా ఉంటుంది గనుక, అందులో పెట్టడమే పంపిణీ అవుతుందని లినక్స్ డెవలపర్లు వాదించారు. వారు తమ అభ్యంతరాన్ని అందరికీ తెలిసేలా లేఖ రూపంలో పంపారు. కోడ్ పొరపాటున చేరి ఉంటే ముందు ఆ డెవలపర్‌తో విడిగా మాట్లాడవలసిందని, బహిరంగంగా నిలదీయడం అమానుషమని ఓపెన్‌బీఎస్‌డీ నాయకుడు థియో డి రాట్ తీవ్రంగా స్పందించారు. చివరకు ఆ డ్రైవర్‌ను భాండాగారం నుంచి పూర్తిగా తొలగించారు. నష్టపోయింది ఆ డ్రైవర్ కోసం ఎదురుచూస్తున్న వాడుకరులే.

నాలుగు నెలలకే పాత్రలు తారుమారయ్యాయి. ఈసారి వివాదం అథెరోస్ చిప్‌ల డ్రైవర్‌పై. ఓపెన్‌బీఎస్‌డీ డెవలపర్ ఒకరు స్వయంగా పరిశోధించి, ఐఎస్‌సీ లైసెన్స్ కింద రాసిన కోడ్‌ను లినక్స్ వర్గం తన కొత్త డ్రైవర్‌కు పునాదిగా తీసుకుంది. అందులో తప్పేమీ లేదు. అయితే 2007 ఆగస్టులో ప్రతిపాదించిన ఒక మార్పులో, కొన్ని ఫైళ్ల పైనున్న అనుమతి పాఠాన్ని తీసివేసి, ఆ స్థానంలో జీపీఎల్ ప్రకటనను ఉంచారు. పైన ఉన్న అనుమతి పాఠాన్ని ప్రతులన్నింటిలో నిలపాలన్నది ఐఎస్‌సీ లైసెన్స్ పెట్టిన ఏకైక షరతు. ఆ ఒక్కదానిని కూడా పాటించరా అని ఓపెన్‌బీఎస్‌డీ పక్షం ప్రశ్నించింది.

దీనికి మరో కోణం కూడా ఉంది. లినక్స్ డెవలపర్లు కోడ్‌ను మెరుగుపరచి, ఆ మెరుగుదలలను జీపీఎల్ కింద మాత్రమే ఇస్తే, అవి తిరిగి మూల రచయితకు ఉపయోగపడవు. ఇచ్చినవాడికే తిరిగి తీసుకునే దారి మూసుకుపోతుంది. ఇది చట్టవిరుద్ధం కాకపోవచ్చు గానీ, న్యాయమా అన్నది ఓపెన్‌బీఎస్‌డీ వర్గం లేవనెత్తిన నైతిక ప్రశ్న.

న్యూయార్క్ కేంద్రంగా పనిచేసే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ జోక్యం చేసుకుని, ఉదార లైసెన్స్ కోడ్‌ను జీపీఎల్ ప్రాజెక్టులో ఎలా నిర్వహించాలో వివరిస్తూ 2007 సెప్టెంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. మూల ప్రకటనలను యథాతథంగా ఉంచాలని, సాధ్యమైనచోట మార్పులను కూడా మూల లైసెన్స్ కిందనే ఇవ్వడం మేలని వాటి సారాంశం. 2008లో లినక్స్ 2.6.25 కెర్నెల్‌తో విడుదలైన ఆ డ్రైవర్ ఫైళ్లలో ఐఎస్‌సీ అనుమతి పాఠం నిలిచే ఉంది.

ఒకవైపే పారే కాలువ

లైసెన్స్‌ల అసమానత ఒక ప్రాజెక్టు భవితవ్యాన్నే ఎలా మార్చగలదో ఓపెన్‌ఆఫీస్ చరిత్ర చెబుతుంది. సన్ మైక్రోసిస్టమ్స్ 2000లో బయటపెట్టిన ఈ కార్యాలయ సాఫ్ట్‌వేర్, 2010లో ఆ సంస్థను ఒరాకిల్ కొనుగోలు చేయడంతో కొత్త యజమాని చేతికి వెళ్లింది. భవిష్యత్తుపై అనుమానంతో పలువురు డెవలపర్లు అదే ఏడాది సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను ప్రకటించి, లిబ్రేఆఫీస్ పేరుతో వేరుపడ్డారు. 2011లో ఒరాకిల్ పాత ప్రాజెక్టును అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు అప్పగించింది.

అపాచీ లైసెన్స్ ఉదారమైనది. లిబ్రేఆఫీస్ కాపీలెఫ్ట్ స్వభావం గల లైసెన్స్‌లను ఎంచుకుంది. ఫలితంగా ఓపెన్‌ఆఫీస్‌లో జరిగిన మెరుగుదలలను, కర్తృత్వ ప్రకటనలతో సహా, లిబ్రేఆఫీస్ తీసుకోగలిగింది. లిబ్రేఆఫీస్ మెరుగుదలలను ఓపెన్‌ఆఫీస్ ఆ విధంగా తీసుకోలేకపోయింది. ఇక్కడ ఎవరూ ఎవరి పేరునూ చెరపలేదు. లైసెన్స్ ఎంపికే కాలువ వాలును నిర్ణయించింది.

పేరు చెప్పడం శ్రుతి మించితే

కర్తృత్వ షరతు ఎంత విస్తరించవచ్చు? తొలినాటి బీఎస్‌డీ లైసెన్స్‌లో ఒక నిబంధన ఉండేది. సాఫ్ట్‌వేర్ విశేషాలను పేర్కొనే ప్రకటనలన్నింటిలోనూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పేరు ప్రస్తావించాలని అది కోరేది. ఇతర రచయితలు తమ తమ పేర్లతో ఇలాంటి వాక్యాలే చేర్చుతూ పోయారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీలో ఇటువంటి వాక్యాలు 75 లెక్కించానని రిచర్డ్ స్టాల్‌మన్ రాశారు. ఒక ప్రకటనలో 75 కృతజ్ఞతలు చెప్పడం ఆచరణ సాధ్యం కాదు. 1999లో విశ్వవిద్యాలయం ఈ నిబంధనను రద్దు చేసింది.

అయినా 2004లో అదే సమస్య మరో రూపంలో వచ్చింది. లినక్స్ కంప్యూటర్ల తెరపై కిటికీలను, బొమ్మలను చూపే ఎక్స్‌ఫ్రీ86 ప్రాజెక్టు తన 4.4 విడుదలకు కొత్త లైసెన్స్ ప్రకటించింది. వాడుకరి పత్రాల్లో తమకు కృతజ్ఞత తెలపాలన్నది అందులోని కొత్త షరతు. ఈ షరతు జీపీఎల్‌తో పొసగదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పేర్కొంది. డెబియన్, రెడ్ హ్యాట్ వంటి ప్రధాన పంపిణీదారులు కొత్త లైసెన్స్ గల కోడ్‌ను తిరస్కరించారు. లైసెన్స్ మారకముందు నాటి కోడ్‌ను ఆధారం చేసుకుని ఎక్స్.ఆర్గ్ 2004 ఏప్రిల్‌లో తన విడుదలను తెచ్చింది. కొద్దికాలంలోనే అందరూ దానికి మారిపోయారు. మరింత గుర్తింపు కోరిన ప్రాజెక్టు ఉన్న వాడుకరులనే కోల్పోయింది.

చదరంగ బల్లపై న్యాయపోరాటం

చదరంగాన్ని ఇష్టపడే భారతీయులకు స్టాక్‌ఫిష్ పేరు చిరపరిచితం. ఆట విశ్లేషణకు ప్రపంచవ్యాప్తంగా వాడే ఈ ఇంజిన్ 2008లో గ్లోరంగ్ అనే మరో ఓపెన్ సోర్స్ ఇంజిన్ నుంచి పుట్టింది. జీపీఎల్ మూడో కూర్పు కింద లభిస్తుంది. 2021లో జర్మనీకి చెందిన చెస్‌బేస్ సంస్థ 'ఫ్యాట్ ఫ్రిట్జ్ 2' పేరుతో ఒక ఇంజిన్‌ను అమ్మకానికి పెట్టింది. అది ప్రధానంగా తమ కోడేనని, వాడుకరులకు ఆ సంగతినీ, వారి హక్కులనూ సక్రమంగా తెలియజేయలేదని స్టాక్‌ఫిష్ డెవలపర్లు ఆరోపించి, అదే ఏడాది జులైలో మ్యూనిక్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు.

2022 నవంబరులో ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి. చెస్‌బేస్ ఒక ఏడాదిపాటు స్టాక్‌ఫిష్ కోడ్ గల ఉత్పత్తుల పంపిణీని ఆపివేయాలని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిబంధనల అమలును చూసేందుకు ఒక బాధ్యుడిని నియమించాలని ఒప్పందం కుదిరింది. గడువు తీరాక షరతులకు లోబడి మళ్లీ వాడుకునే వీలు కల్పించారు. డబ్బు రూపంలో పరిహారం కంటే నడవడిలో మార్పునే డెవలపర్లు కోరుకున్నారని ఈ రాజీ సూచిస్తుంది.

అదే స్టాక్‌ఫిష్ ఇతరుల నుంచి తీసుకున్న తీరు కూడా గమనార్హం. 2020లో దాని బలాన్ని అమాంతం పెంచిన నాడీజాల పద్ధతి జపాన్ ఆట 'షోగి' ఇంజిన్‌ల కోసం 2018లో యూ నాసు రూపొందించినది. మరో జపాన్ ప్రోగ్రామర్ దానిని చదరంగానికి అనువుగా మలిచారు. ఆ నాడీజాలాల శిక్షణకు పోటీ ఇంజిన్ అయిన లీలా చెస్ జీరో ప్రాజెక్టు దత్తాంశాన్ని వాడుతున్నట్లు స్టాక్‌ఫిష్ తన పరిచయ పత్రంలోనే పేర్కొంటుంది. బల్లపై ప్రత్యర్థులు, కోడ్‌లో సహకారులు.

న్యాయస్థానాలు ఏమన్నాయి?

డబ్బు తీసుకోకుండా ఇచ్చిన కోడ్‌పై షరతు పెడితే దానికి చట్టబలం ఉంటుందా? ఈ ప్రశ్నకు 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం స్పష్టమైన జవాబు ఇచ్చింది. బొమ్మ రైళ్లను నియంత్రించే జేఎంఆర్ఐ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన రాబర్ట్ జాకబ్‌సెన్ ఈ వ్యాజ్యం వేశారు. తమ ఫైళ్లను రచయితల పేర్లు, కాపీరైట్ ప్రకటనలు లేకుండా ఒక వ్యాపార సంస్థ తన ఉత్పత్తిలో వాడుకుందన్నది ఆయన ఫిర్యాదు. షరతు ఉల్లంఘన ఒప్పంద భంగం మాత్రమేనని దిగువ న్యాయస్థానం భావించింది. అప్పీళ్ల న్యాయస్థానం అంగీకరించలేదు. కర్తృత్వ ప్రస్తావన లైసెన్స్‌కు షరతేనని, దానిని మీరితే కాపీరైట్ ఉల్లంఘన అవుతుందని తేల్చింది. రుసుము లేకపోయినా పేరు, ప్రచారం, ప్రాజెక్టు వృద్ధి రూపంలో రచయితకు ఆర్థిక ప్రయోజనం ఉంటుందని గుర్తించింది. 2010లో లక్ష డాలర్ల చెల్లింపుతో వ్యవహారం రాజీ అయింది.

హక్కు ఉండటం వేరు, దానిని రుజువు చేయడం వేరు. లినక్స్ కెర్నెల్ డెవలపర్ క్రిస్టోఫ్ హెల్విగ్ 2015లో వీఎంవేర్ సంస్థపై హాంబర్గ్‌లో దావా వేశారు. కెర్నెల్‌లో ఏ భాగాలు తన రచనో, అవి ప్రతివాది ఉత్పత్తిలో ఎక్కడ ఉన్నాయో తగినట్లు నిరూపించలేదంటూ 2016లో న్యాయస్థానం దావాను కొట్టివేసింది. 2019లో అప్పీలు కూడా వీగిపోయింది. వేలమంది చేతులు పడిన కోడ్‌లో ఏ వాక్యం ఎవరిదో చెప్పగలగడం ఎంత అవసరమో ఈ కేసు తేటతెల్లం చేసింది.

చేతిరాత నుంచి చేవ్రాలు దాకా

తెలుగు కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివర కవి పేరు, వంశ వివరాలు తెలిపే గద్య ఉంటుంది. తాళపత్రాలకు ప్రతులు రాసినవారు ఆ గద్యను కూడా రాసేవారు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన దానిని రాజరాజనరేంద్రుడికే అంకితంగా నిలిపాడు. ఇతరుల రచనను కొనసాగించేవారు మూలకర్తను మరుగుపరచకూడదన్న మర్యాద పాతదే. కోడ్ ఫైలు నెత్తిన ఉండే కాపీరైట్ ప్రకటన చేసే పని కూడా దాదాపు అదే.

నేడు ఈ నమోదు మరింత పకడ్బందీగా జరుగుతోంది. లినక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ సంస్థ 2003లో ఐబీఎంపై వ్యాజ్యం వేసిన తరువాత, 2004లో లినక్స్ ప్రాజెక్టు 'డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్' అనే ధ్రువీకరణను ప్రవేశపెట్టింది. ఈ కోడ్‌ను ఇచ్చే హక్కు తనకుందని డెవలపర్ ప్రతి మార్పు కింద సంతకం వంటి వాక్యంతో ప్రకటిస్తారు. 2005లో వచ్చిన గిట్ వ్యవస్థ, మార్పును రాసినవారి పేరునూ, భాండాగారంలో చేర్చినవారి పేరునూ వేర్వేరుగా భద్రపరుస్తుంది. లైసెన్స్‌లను యంత్రాలు సైతం చదవగల సంకేతాలతో సూచించే ఎస్‌పీడీఎక్స్ పద్ధతి 2021లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది.

ఈ నమోదుకు భద్రతాపరమైన ప్రయోజనం కూడా ఉంది. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 'హార్ట్‌బ్లీడ్' లోపం బయటపడ్డాక దాని నుంచి లిబ్రేఎస్‌ఎస్‌ఎల్, బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే శాఖలు పుట్టాయి. ఉమ్మడి మూలం గల కోడ్‌లో ఒకచోట లోపం కనిపిస్తే మిగతా చోట్లా వెతకాలి. ఎక్కడి నుంచి వచ్చిందో చెరిపేసిన కోడ్‌కు మూలంలో జరిగిన మరమ్మతు చేరదు. పేరు తొలగింపు అలా వాడుకరి భద్రతకే ముప్పు తెస్తుంది.

భారత చట్టంలో స్థానం

భారత కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య కృతిగా పరిగణిస్తుంది. 1984 సవరణతో ఈ రక్షణ స్పష్టమైంది. చట్టంలోని 57వ సెక్షన్ రచయితకు ప్రత్యేక హక్కులు ఇస్తుంది. కాపీరైట్‌ను ఇతరులకు బదలాయించిన తరువాత కూడా కృతికి కర్తను తానేనని చెప్పుకునే హక్కు రచయితకు మిగులుతుంది. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌పై కాపీరైట్ సాధారణంగా యజమానిదే అయినా, కర్తృత్వం విషయం వేరు.

ప్రభుత్వ రంగంలోనూ ఈ అంశానికి ప్రాధాన్యం పెరుగుతోంది. ఈ-పాలనలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని కేంద్రం 2015లో ప్రకటించింది. తెలుగుతో సహా భారతీయ భాషల్లో పనిచేసే బాస్ లినక్స్‌ను సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా రూపొందించింది. ఆరోగ్య సేతు యాప్ మూల కోడ్‌ను 2020 మేలో అపాచీ లైసెన్స్ కింద విడుదల చేశారు. బెంగళూరు ట్రిపుల్ ఐటీలో రూపుదిద్దుకున్న మోసిప్ గుర్తింపు వేదికను ఫిలిప్పీన్స్, మొరాకో దేశాలు వినియోగిస్తున్నాయి. తీసుకునే దేశంగానే కాక ఇచ్చే దేశంగా కూడా మారినప్పుడు, షరతులను పాటించడమూ, పాటించమని అడగడమూ రెండూ మన పనులే.

కొత్త చిక్కుముడి

కృత్రిమ మేధ ఈ చర్చకు మరో మలుపు తెచ్చింది. బహిరంగ కోడ్‌పై శిక్షణ పొందిన సాధనాలు అడిగిన వెంటనే కోడ్ రాసిస్తాయి. అది ఏ ప్రాజెక్టు నుంచి నేర్చుకున్నదో, దాని లైసెన్స్ ఏమిటో వాడేవారికి తెలియకపోవచ్చు. గిట్‌హబ్ కోపైలట్‌పై కొందరు ప్రోగ్రామర్లు 2022 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో ఫెడరల్ న్యాయస్థానంలో దావా వేశారు. కర్తృత్వ సమాచారాన్ని తొలగించారన్నది వారి ప్రధాన ఆరోపణల్లో ఒకటి. అభియోగాల్లో అధికభాగాన్ని న్యాయస్థానం తోసిపుచ్చింది. లైసెన్స్ షరతుల ఉల్లంఘన ఆరోపణ మాత్రం నిలిచింది.

పాటించవలసిన మర్యాదలు

ఇప్పటివరకు జరిగిన వివాదాల నుంచి ప్రాజెక్టులు కొన్ని సూత్రాలను గ్రహించాయి. కోడ్ తీసుకునే ముందు ఫైలు పైభాగంలోని ప్రకటనను, లైసెన్స్ ఫైలును చదవాలి. రెండు లైసెన్స్‌లు పొసగుతాయో లేదో చూసుకోవాలి. మార్పులు చేసినా మూల ప్రకటనను కదిలించక, దాని కింద తమ పేరు చేర్చుకోవాలి. ఎక్కడి నుంచి, ఏ కూర్పు నుంచి తీసుకున్నారో మార్పుల చరిత్రలో రాయాలి. రచయితలందరి సమ్మతి లేకుండా లైసెన్స్‌ను మార్చకూడదు.

ఉల్లంఘన కనిపించినప్పుడు తొలి అడుగు ఎలా వేయాలన్నదీ ముఖ్యమే. జీపీఎల్ రెండో కూర్పు ప్రకారం షరతు మీరిన వెంటనే హక్కులు రద్దవుతాయి. 2007లో వచ్చిన మూడో కూర్పు, తొలిసారి తప్పు చేసినవారు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు తిరిగి లభించే వీలు కల్పించింది. పొరపాటుకూ, గ్రంథచౌర్యానికీ తేడా ఉందని లైసెన్సే అంగీకరించిందన్నమాట. ముందు విడిగా తెలియజేయడం, సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వడం, అప్పటికీ ఫలితం లేకపోతేనే బహిరంగం చేయడం నేడు మంచి పద్ధతిగా స్థిరపడింది. 2007లో తొలగించిన ఆ డ్రైవర్ విషయంలో ఇదే క్రమాన్ని పాటించి ఉంటే, ఓపెన్‌బీఎస్‌డీ వాడుకరుల ఎదురుచూపు అంత సుదీర్ఘమయ్యేది కాదేమో.